ఎమ్మెస్ ఉన్నవాళ్ళకు మెదడులో కణితి అంటే: ఇంటివాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మల్టిపుల్ స్క్లెరోసిస్, అదే ఎమ్మెస్, ఉన్న ఇంట్లో కొత్త ఎమ్మారై రిపోర్టులో 'గడ్డ' అన్న మాట కనపడితే ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. మా అక్కకు ఎమ్మెస్ ఉంది. మేముండేది హన్మకొండలో. కరీంనగర్, మంచిర్యాల, జగిత్యాల వైపు నుంచి ఇట్లాంటి ఇళ్ళవాళ్ళు నాకు ఫోన్ చేస్తుంటారు. నేను డాక్టరును కాను. ఆ ఫోన్లలో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలకు న్యూరాలజిస్టులు మాకు చెప్పినవీ, వైద్య పత్రికల్లో చదివినవీ కలిపి ఇక్కడ రాశాను. మీ పేషెంటు విషయంలో చివరి మాట మీ డాక్టరుదే.

ఎమ్మెస్ ఉంటే మెదడులో కణితి వచ్చే అవకాశం ఎక్కువా?

కొంచెం ఎక్కువ కావచ్చు. అదీ ఖాయంగా తేలలేదు. స్వీడన్‌లో 20 వేల మందికి పైగా ఎమ్మెస్ పేషెంట్ల రికార్డులు తిరగేసి 2009లో ఒక అధ్యయనం వెలువరించారు. అందులో మొత్తం క్యాన్సర్లు మామూలు జనంలో కంటే కాస్త తక్కువే ఉన్నాయి. మెదడు కణితులు మాత్రం దాదాపు 1.4 రెట్లు కనిపించాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉందని ఆ పరిశోధకులే చెప్పారు. ఎమ్మెస్ ఉన్నవాళ్ళకు తల పరీక్షలు మాటిమాటికీ చేస్తారు కాబట్టి, వేరేవాళ్ళలో ఎప్పటికీ బయటపడని చిన్న గడ్డ కూడా వీళ్ళలో లెక్కకెక్కుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చేసి 2012లో వెలువరించిన ఇట్లాంటి లెక్కలో మెదడు కణితుల తేడా గట్టిగా నిలబడలేదు.

1.4 రెట్లు అనగానే గుండె గుభేల్మంటుంది. కానీ దేనికి 1.4 రెట్లో చూడాలి. మన దేశంలో మెదడు, వెన్నుపాము కణితులు ఏడాదికి లక్ష మందిలో 5 నుంచి 10 మందికి వస్తాయని అంచనా. దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకున్నా లక్షలో 15 దాటదు. మందు మధ్యలో మానేసి రిలాప్స్ (జబ్బు మళ్ళీ తిరగబెట్టడం) తెచ్చుకోవడం, బాత్రూంలో జారిపడడం, ఇవి ఎమ్మెస్ మనిషికి ఇంతకంటే చాలా దగ్గరి ప్రమాదాలు.

ఎమ్మెస్ మచ్చలే ముదిరి క్యాన్సర్ అవుతాయా?

కావు. ఎమ్మెస్‌లో మన రోగనిరోధక శక్తే నరాల మీద ఉండే మైలిన్ అనే కొవ్వు పొరను దెబ్బతీస్తుంది. అట్లా దెబ్బతిన్న చోటే మచ్చ. కణితిలో కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. ఒకే మనిషిలో రెండూ ఉన్న కేసులు, అరుదుగా పాత మచ్చ పక్కనే గ్లయోమా అనే మెదడు కణితి పుట్టిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. మచ్చ దానికి కారణమని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

రిపోర్టులో 'ఎస్‌ఓఎల్' అని రాసి, పక్కన ప్రశ్నార్థకాలు పెట్టారు. ఏమనుకోవాలి?

లోపల చోటు ఆక్రమించుకున్నది ఏదో ఉందని, అంతే. అది కణితి కావచ్చు, చీముగడ్డ కావచ్చు, టీబీ గడ్డ కావచ్చు, వాచిపోయిన ఎమ్మెస్ మచ్చ కావచ్చు. మన సెంటర్లలో రిపోర్టు చివర 'ఇంప్రెషన్' కింద '? గ్లయోమా ? డీమైలినేషన్' అని రాస్తారు, అంటే కణితో, మైలిన్ పోయిన ఎమ్మెస్ లాంటి మచ్చో తేలలేదని. ప్రశ్నార్థకం ముందుంటుంది. ఇంట్లో చదివేవాళ్ళ కంటికి అది ఆనదు, గ్లయోమా ఒక్కటే ఆనుతుంది. వెంటనే ఫోన్‌లో వెతికి, ఎన్ని నెలలు బతుకుతారన్న దాకా పోతారు.

రేడియాలజిస్టు వైపు నుంచి కూడా చూడండి. ఆయన చేతిలో చాలాసార్లు పేరు, వయసు, 'తలనొప్పి' అని రాసిన చీటీ తప్ప మరేమీ ఉండదు. ఈ మనిషికి ఆరేళ్ళుగా ఎమ్మెస్ ఉందని ఎవరూ చెప్పి ఉండరు. స్కానింగుకు పోయినప్పుడే కౌంటర్లో పాత డిశ్చార్జి సమ్మరీ, పాత సీడీ ఇచ్చి 'వీటితో పోల్చి రాయండి సార్' అని అడగండి. ఆ ఒక్క మాటతో రిపోర్టు తీరే మారిపోతుంది.

కణితిలా కనిపించే ఎమ్మెస్ కూడా ఉంటుందట, నిజమేనా?

నిజమే. దాన్ని ట్యూమిఫాక్టివ్ ఎమ్మెస్ అంటారు. మామూలు మచ్చలు మిల్లీమీటర్లలో ఉంటాయి. ఇది 2 సెంటీమీటర్లు దాటుతుంది, చుట్టూ వాపు ఉంటుంది, ఒక్కోసారి పక్క భాగాన్ని నెడుతుంది. ఎమ్మెస్ ఉన్న వెయ్యి మందిలో ఒకరిద్దరికి ఇట్లా జరుగుతుందని లెక్క. కొందరికి జబ్బు మొదలవ్వడమే ఇట్లా మొదలవుతుంది. తలనొప్పి, మాట తడబడడం, అయోమయం, ఫిట్స్, అన్నీ కణితి లక్షణాలే. ఫింగోలిమాడ్ లాంటి ఎమ్మెస్ మందు మొదలుపెట్టిన కొత్తలోనో, హఠాత్తుగా మానేసిన తర్వాతో ఇట్లాంటి పెద్ద మచ్చలు వచ్చిన కేసులూ ఉన్నాయి.

మా అక్కకు వచ్చింది ఇదే. రిపోర్టులో కణితి అనుమానం అని రాశారు, చుట్టాలంతా ఇంటికొచ్చారు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ స్కానింగు తీస్తే మచ్చ బాగా చిన్నదైంది. కణితి తనంతట తాను అట్లా తగ్గదు. కానీ స్టెరాయిడ్ ఇచ్చాక తగ్గితే ఆ తగ్గుదలను పూర్తిగా నమ్మలేం. ఆ సంగతి కింద వేరే చెప్తాను.

ఏది మచ్చో, ఏది కణితో డాక్టర్లు ఎట్లా కనిపెడతారు?

ఒక్క పరీక్షతో తేలదు. ముందు కాంట్రాస్టు ఇంజెక్షన్ ఇచ్చి ఎమ్మారై తీస్తారు. పెద్ద ఎమ్మెస్ మచ్చ చాలాసార్లు పూర్తిగా మూసుకోని రింగులా మెరుస్తుంది. తెరుచుకున్న వైపు మెదడు పైపొర దిక్కు ఉంటుంది. గ్లయోబ్లాస్టోమా (బాగా ముదురు రకం గ్లయోమా), చీముగడ్డ లాంటివి ఎక్కువగా మూసుకున్న రింగులా కనిపిస్తాయి. పర్ఫ్యూజన్ అనే పద్ధతిలో గడ్డలోకి రక్తం ఎంత పారుతోందో చూస్తారు. ముదురు గ్లయోమాలో ఎక్కువ, ఎమ్మెస్ మచ్చలో తక్కువ. గడ్డలోని రసాయనాలను కొలిచే స్పెక్ట్రోస్కోపీ కూడా చేస్తారు గానీ, అందులో కోలిన్ అనే రసాయనం పెరగడం కణితిలోనూ, చురుగ్గా ఉన్న ఎమ్మెస్ మచ్చలోనూ కనిపిస్తుంది కాబట్టి అది ఒక్కటే సరిపోదు. మామూలు సీటీ స్కాన్ పాతదని చిన్నచూపు చూస్తారు గానీ ఇక్కడ బాగా పనికొస్తుంది. లింఫోమా అనే కణితి సీటీలో తెల్లగా, ఎమ్మెస్ మచ్చ నల్లగా కనిపించడం మామూలు.

వెన్నులో నీరు తీసి చేసే ఆలిగోక్లోనల్ బ్యాండ్స్ పరీక్ష గురించి ఒక హెచ్చరిక. అది పాజిటివ్ వచ్చిందంటే ఎమ్మెస్ ఉందనడానికి ఆధారం. ఎమ్మెస్ ఎప్పటినుంచో ఉన్న మనిషికి అది పాజిటివ్ వస్తుందని ముందే తెలుసు. కాబట్టి దాన్ని చూపించి 'కొత్త గడ్డ కణితి కాదు' అనలేం. ఆ నీటిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయా అని వేరే చూడాలి. మెదడులో వాపు బాగా ఉంటే నీరు తీయడమే ప్రమాదం, అందుకే స్కానింగు చూశాకే తీస్తారు. జబ్బు ఇంకా ఎమ్మెస్ అని పూర్తిగా తేలని వాళ్ళకు ఎమ్మెస్‌లా కనిపించే వేరే జబ్బులను పట్టే ఎన్ఎంఓ, ఎంఓజీ రక్త పరీక్షలూ రాస్తారు.

వీటన్నిటికంటే ఎక్కువ చెప్పేది కాలం. గడ్డ కొత్తదా, పాతదా, పెరిగిందా, తరిగిందా? పాత స్కానింగు పక్కన పెట్టుకుంటే పరీక్షల్లో సగం అక్కర్లేకుండానే జవాబు వస్తుంది. అందుకే ఫోన్ చేసిన ప్రతివాళ్ళనూ పాత ఫిలిములు ఉన్నాయా అని అడుగుతాను. బీరువా మీద ఎండకు ఒకదానికొకటి అతుక్కుపోయిన ప్లేట్లు చాలా ఇళ్ళలో చూశాను. ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఏ డాక్టరూ ఏమీ చెప్పలేడు. సెంటరువాళ్ళను డైకామ్ ఫైళ్ళు (స్కానింగు అసలు బొమ్మలు) ఉన్న సీడీ అడగండి, ఇంటికి రాగానే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. సెంటర్లు ఆ డేటాను ఎల్లకాలం దాచిపెట్టవు.

ఎమ్మెస్ కాదు, కణితి కాదు, టీబీ అన్నారు. దగ్గే లేని మనిషికి టీబీ ఏంటి?

మన దేశంలో మెదడులో రింగులా మెరిసే మచ్చ కనపడితే ముందు ఆలోచించేవి రెండు: టీబీ గడ్డ, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే న్యూరోసిస్టిసెర్కోసిస్. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నా మెదడులో టీబీ ఉండొచ్చు. పంది మాంసం ముట్టనివాళ్ళకూ సరిగా కడగని కూరగాయల ద్వారా ఆ గుడ్లు కడుపులోకి పోవచ్చు. ఎమ్మెస్ మందులు కొన్ని రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి ఈ ఇన్ఫెక్షన్ల అనుమానం మన దగ్గర ఇంకా గట్టిగా ఉండాలి. విదేశీ వెబ్‌సైట్లు చదివితే ఈ మాట అంత సులువుగా దొరకదు.

ఏ లక్షణాలు కనపడితే 'ఇది ఎమ్మెస్ కాకపోవచ్చు' అనుకోవాలి?

రిలాప్స్ గంటల్లో, రోజుల్లో ముదురుతుంది, కొన్ని వారాలకు ఎంతో కొంత దిగుతుంది. కణితి చాలావరకు దిగడం అంటూ లేకుండా వారాలు, నెలల పాటు పెరుగుతూ పోతుంది. మనిషికి ఇంతకు ముందెన్నడూ లేని తీరు తలనొప్పి, అదీ తెల్లవారుజామున వాంతితో వస్తే, కొత్తగా ఫిట్స్ వస్తే, స్వభావం మారిపోతే, తెలిసిన మాటలు నోటికి రాకపోతే ఆగొద్దు. ఎమ్మెస్‌లోనూ ఫిట్స్ వస్తాయి, నూటికి రెండు నుంచి ఐదుగురికి. కానీ మొదటిసారి వచ్చినప్పుడు అది ఎమ్మెస్ వల్లేనని ఇంట్లోనే తీర్పు చెప్పుకోవద్దు.

ముఖంలో ఒకవైపు కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి ఎమ్మెస్‌లో మామూలే. ముఖానికి స్పర్శనిచ్చే నరం దగ్గర చిన్న కణితి ఉన్నా అదే నొప్పి వస్తుంది. పంటి నొప్పి అనుకుని పళ్ళు పీకించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ నరం కనపడేలా తీసిన ఎమ్మారై ఒక్కసారైనా ఉండాలి.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది 'మీకు ఎమ్మెస్ ఉంది కదమ్మా, ఇట్లానే ఉంటది' అన్న మాట. ఆ మాట డాక్టర్ల నోటా విన్నాను, సొంత ఇంటివాళ్ళ నోటా విన్నాను. పైన చెప్పిన బ్రిటిష్ కొలంబియా అధ్యయనంలోనే ఎమ్మెస్ ఉన్నవాళ్ళలో రొమ్ము, ఊపిరితిత్తుల, పెద్దపేగు క్యాన్సర్లు బయటపడేసరికి గడ్డ సైజు మిగతావాళ్ళలో కంటే పెద్దగా ఉందని తేలింది. అలసట, బరువు తగ్గడం, మూత్రం సమస్య, అన్నీ ఎమ్మెస్ ఖాతాలోకే పోతాయి. మెదడు గురించి భయపడుతూ రొమ్ములో గడ్డను వదిలేసిన ఆడవాళ్ళుంటారు.

ఎండాకాలం చూపు మసకబారి, కాళ్ళు పట్టు తప్పుతున్నాయి. లోపల ఏదైనా పెరుగుతోందా?

వేడికి ఎమ్మెస్ లక్షణాలు తిరగబెట్టడం 1890 నుంచీ తెలిసిన సంగతే, ఊత్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు రాసిపెట్టాడు. మే నెలలో రామగుండం 45 డిగ్రీలు దాటుతుంది, వరంగల్ ఏమీ తీసిపోదు. చల్లటి నీళ్ళతో స్నానం చేసి కూలర్ ముందు కూర్చుంటే గంటా రెండు గంటల్లో సర్దుకుంటే అది వేడి ప్రతాపమే. చల్లబడ్డాక కూడా పోకపోతే, ఒక రోజు దాటితే, డాక్టరుకు చూపించాలి. జ్వరం ఉన్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇట్లానే అవుతుంది.

స్టెరాయిడ్ సెలైన్ పెడితే తగ్గింది. ఇక కణితి కాదన్నట్టేనా?

కాదు. రిలాప్స్‌కు మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు పెడతారు. అదే స్టెరాయిడ్ కణితి చుట్టూ ఉన్న వాపును కూడా దించుతుంది, మనిషి లేచి తిరుగుతాడు, కొన్నాళ్ళకు మళ్ళీ పడతాడు. మెదడు లింఫోమా అయితే ఏకంగా స్కానింగులోనే కనపడకుండా కరిగిపోయి తర్వాత తిరిగొస్తుంది. ఆ మధ్యలో బయాప్సీ చేస్తే, అంటే గడ్డలో ముక్క తీసి పరీక్షిస్తే, అందులో ఏమీ దొరకకపోవచ్చు. లింఫోమా అనుమానం ఉంటే, ప్రాణం మీదికి రానంతవరకు, బయాప్సీ అయ్యేదాకా స్టెరాయిడ్ ఆపి ఉంచేది అందుకే. 'మందు ఎందుకు మొదలుపెట్టరు' అని డాక్టరుతో గొడవ పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. తలనొప్పి, నీరసం అని పోతే ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడుతుంది. కొందరు ఇచ్చే పేరులేని పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిసే ఉంటుంది. అది తీసుకున్న సంగతి న్యూరాలజిస్టుకు ఎవరూ చెప్పరు, సిగ్గుపడతారు. చెప్పండి. చీటీ లేకపోతే వాడిన సీసా పట్టుకుపోండి.

బయాప్సీ అంటే తల తెరవాలా? తప్పదా?

అన్నిసార్లూ అవసరం లేదు. స్కానింగులు, కాలం కలిసి చెప్పలేనప్పుడే. ఎక్కువగా చిన్న రంధ్రం చేసి, కంప్యూటరు లెక్కతో సూది పంపి ముక్క తీస్తారు. రక్తస్రావం, ఫిట్స్ లాంటి ప్రమాదాలు కొద్దిగా ఉంటాయి, సంతకం చేసేముందు అడగండి.

ముక్క తీశాక జరిగేది ఇంకా ముఖ్యం. చురుగ్గా ఉన్న ఎమ్మెస్ మచ్చలో వాచిన ఆస్ట్రోసైట్లు అనే మెదడు కణాలు మైక్రోస్కోపు కింద విభజన చెందుతున్న కణితి కణాల్లాగే కనిపిస్తాయి. దాన్ని గ్లయోమా అని రాసిన సందర్భాలు పుస్తకాల్లో ఉన్నాయి. మైలిన్ పోయిందా, దాన్ని తిన్న మ్యాక్రోఫేజులనే కణాలు ఉన్నాయా అని ప్రత్యేక రంగులద్ది చూస్తే తెలిసిపోతుంది. కానీ చూడాలని తట్టాలంటే, పేషెంటుకు ఎమ్మెస్ ఉందని పాథాలజీ ఫారం మీద రాసి ఉండాలి. రాశారా అని అడగండి. రెండో అభిప్రాయం కావాలంటే ఆ ముక్కను దాచిన పారాఫిన్ (మైనపు) బ్లాకులు, స్లైడులు ఇవ్వమని అడగొచ్చు.

ఎమ్మెస్ మందుల వల్లే క్యాన్సర్ వస్తుందా? మానేయమంటారా?

మానేయొద్దు. మందు మందుకూ లెక్క వేరు. ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ ఏళ్ళ తరబడి వాడుతున్నవి, వాటితో క్యాన్సర్ పెరిగినట్టు కనపడలేదు. అజాథయోప్రిన్ చాలా కాలం వాడితే లింఫోమా, చర్మ క్యాన్సర్ల అవకాశం కొంత ఉంది. ఫింగోలిమాడ్‌తో చర్మ క్యాన్సర్లు, లింఫోమా గురించి హెచ్చరిక ఉంది. మైటోజాంట్రోన్ రక్త క్యాన్సర్‌కు, గుండె దెబ్బతినడానికి దారితీయొచ్చు, ఇప్పుడు వాడకం తగ్గింది. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయానికి ముప్పు. క్లాడ్రిబిన్ ఇప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదు. నటాలిజుమాబ్‌తో భయపడేది జేసీ వైరస్ వల్ల వచ్చే పీఎంఎల్ అనే మెదడు ఇన్ఫెక్షన్ గురించి. అది కణితి కాదు, కానీ స్కానింగులో కొత్త మచ్చలా వచ్చి కంగారు పెడుతుంది.

భయపడి ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ లాంటివి హఠాత్తుగా ఆపితే జబ్బు రెట్టింపు ఊపుతో తిరగబడొచ్చు.

రెండూ ఉన్నాయని తేలితే వైద్యం ఎట్లా?

కణితి రకాన్ని బట్టి. మెనింజియోమా (మెదడును కప్పి ఉంచే పొరల్లో పుట్టే కణితి) అయితే చాలాసార్లు అదాటున కనపడేదే. పెద్ద వయసువాళ్ళలో వేరే పని మీద స్కానింగు తీస్తే నూటికి ఒకరిలో అటూ ఇటుగా దొరుకుతుంది. చిన్నగా, నెమ్మదిగా ఉంటే ఏడాదికోసారి స్కానింగు తీస్తూ ఊరికే వదిలేస్తారు. గ్లయోమా అయితే వీలైనంత తీసేయడం, రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మందు. ఎమ్మెస్ ఉన్న మెదడు రేడియేషన్‌కు ఎక్కువ దెబ్బతినవచ్చని కొన్ని నివేదికలు ఉన్నాయి. అయినా అవసరమైతే ఇస్తారు, మోతాదూ హద్దులూ జాగ్రత్తగా గీసుకుంటారు. కీమో నడిచినన్నాళ్ళు ఎమ్మెస్ మందు ఆపాలా, మార్చాలా అన్నది న్యూరాలజిస్టు, ఆంకాలజిస్టు మాట్లాడుకుని తేల్చాలి. ఒకరి చీటీ ఇంకొకరికి చూపించే పని మాత్రం మన మీదే పడుతుంది. కొత్త రకం ఇమ్యునోథెరపీ మందులు కొన్ని ఎమ్మెస్‌ను రెచ్చగొట్టొచ్చు, వాటి పేరు ఎత్తితే ఎమ్మెస్ సంగతి మళ్ళీ చెప్పండి.

మాటిమాటికీ ఎమ్మారై తీస్తే రేడియేషన్ కాదా?

ఎమ్మారైలో ఎక్స్‌రే రేడియేషన్ ఉండదు. కాంట్రాస్టుకు ముందు క్రియాటినిన్ (కిడ్నీల రక్త పరీక్ష) చూపించుకోవాలి, గర్భం ఉంటే చెప్పాలి.

వరంగల్‌లో చూపించుకుంటే చాలదా? హైదరాబాద్ పోవాల్సిందేనా?

మొదటి పరీక్షకు, ఎమ్మారైకి, స్టెరాయిడ్‌కు హన్మకొండ, వరంగల్, కరీంనగర్‌లోనే న్యూరాలజిస్టులు ఉన్నారు. ఎమర్జెన్సీ అయితే దగ్గర్లో ఉన్న దవాఖానకే పోవాలి, వరంగల్‌లో సర్కారు దవాఖాన ఎంజీఎం ఉంది. బయాప్సీ, మెదడు పాథాలజీ చదివేవాళ్ళు, రేడియేషన్ అన్నీ ఒకచోట కావాలంటే హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి పెద్ద దవాఖానకు పోవడం మేలు, క్యాన్సర్ అని తేలితే అక్కడే ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన కూడా ఉంది. కాజీపేటలో పొద్దున్న రైలెక్కితే ఓపీ టైముకు అందుకోవచ్చు. సీడీలు, పాత చీటీలు తేదీల వరుసలో ఒకే కవర్లో పెట్టుకోండి. పైన ఒక కాగితం మీద ఏ ఏడాది ఏమైంది, ఏ మందు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా వాడారు అని రాసుకుంటే ఆ కొద్ది నిమిషాల్లో డాక్టరు చదివేది అదొక్కటే.

ఖర్చు సంగతేంటి?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో ఏడాదికి 10 లక్షలకు పెరిగింది. మెదడు ఆపరేషన్లు, క్యాన్సర్ వైద్యం ప్యాకేజీల్లో ఉన్నాయి. అడ్మిట్ కాకుండా బయట తీయించుకునే స్కానింగు ఖర్చు మామూలుగా మనదే. దవాఖానలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర ఉంటారు, అడ్మిషన్‌కు ముందే అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఎమ్మెస్ ఉంది, వైకల్యం సర్టిఫికెట్‌కు అడిగే హక్కు మీకుంది.

అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్టలు వదులు చేయండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, నోట్లో చెంచా, నీళ్ళు, ఏదీ వద్దు. టైము చూసుకోండి. ఐదు నిమిషాలకు ఆగకపోయినా, ఆగి మళ్ళీ వచ్చినా, ఇదే మొదటిసారి అయినా 108కి ఫోన్ చేయండి. ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే పొద్దున డాక్టరుకు చూపించొచ్చు.